అందరూ క్షేమం

వదిన రాసిన ప్రోగ్రాముకి సన్మానం జరిగిన రోజున వదినకి అప్పజెప్పిన పని ఒక్కటే. హాలు చివర మూల కూర్చుని, ఆఫీసు పెద్దసారు చెయ్యి ఊపగానే కంప్యూటర్ మీద ఒక మీట నొక్కాలి. ఆయన ఊపాడు, ఆమె నొక్కింది. వేదిక మీద పెద్ద తెర వెలిగి, "అందరూ క్షేమం" అని ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. హాలంతా చప్పట్లు.

"ఊళ్ళో పల్లపు రోడ్ల దగ్గరున్న పంపుహౌసులన్నిటినీ ఇది రోజూ పొద్దున్నే పలకరిస్తుంది. ఒక్కొక్కదాన్నీ బాగున్నావా అని అడుగుతుంది. మనిషితో పనే లేదు. తిండీ నిద్రా మాని రాశాను," అన్నాడు పెద్దసారు మైకులో.

మరిది వదిన పక్కనే నిలబడి ఉన్నాడు. అతనిదీ ఆ ఆఫీసే. మోటార్లూ వైర్లూ చూసే మెకానిక్కు. వదిన వైపు చూస్తే, చప్పట్లు కొట్టబోయిన ఆమె చేతులు మధ్యలోనే ఆగిపోయి ఉన్నాయి.

"చేతులు దించు వదినా. అందరూ చూస్తున్నారు."

"రాయించాను అన్నాడా, రాశాను అన్నాడా? సరిగ్గా విన్నావా?"

"రాశాను అన్నాడు."

"కనీసం రాశాం అనలేదా?"

"లేదు."

ఆమె చేతులు దించి ఒళ్ళో పెట్టుకుంది. వేదిక మీద ఎవరో పెద్దమనిషి పెద్దసారు చేతిలో ఇత్తడి షీల్డు పెట్టాడు. ఆ మర్నాటి నుంచి అది ఆయన కుర్చీ వెనక గోడ మీద ఉంది. ఆఫీసులో కుర్రాళ్ళు ఆయన్ని చాటుగా షీల్డు సారు అనడం మొదలుపెట్టారు. ఆయన చెవిన పడే ఉంటుంది, కానీ అందులో వెటకారం ఉందని తట్టి ఉండదు. కొందరికి అన్నీ పొగడ్తల్లాగే వినిపిస్తాయి, అదొక భాగ్యం.

వదినకీ ఒక పేరుంది, గొణుగుడమ్మ. పని చేస్తున్నంతసేపూ తనలో తాను గొణుక్కుంటుంది. టైపిస్టుగా చేరింది. కంప్యూటర్లు వచ్చినప్పుడు, తోటివాళ్ళు వాటిని దూరం నుంచి దిష్టిబొమ్మల్లా చూస్తూ ఉంటే, ఈమె మాత్రం ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాలు తెచ్చుకుని, పక్కన డిక్షనరీ పెట్టుకుని, చదివింది. ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చదివింది. "మా ఆవిడ చదువుకుంటోంది, మనం మాడిన వాసన పీల్చుకుంటున్నాం," అనేవాడు అన్న, తమ్ముడితో.

ప్రోగ్రాముకి ముందు ఆమె పొద్దుటి పని ఫోన్లు చేయడం. ఊళ్ళో నీళ్ళు నిలిచే ప్రతి పల్లంలోనూ ఒక పంపుహౌసు ఉంటుంది. అందులో ఒక చిన్న కంప్యూటర్ నీటిమట్టం చూస్తూ ఉంటుంది. నీళ్ళు పెరిగితే అదే మోటారు నడుపుతుంది. అది మొరాయిస్తే మోటారు కదలదు. అందుకని రోజూ ఒక్కో కాపలావాడికీ ఫోన్ చేసి కనుక్కునేది.

"ఏం బాబాయ్, మిషను బాగుందా? మోటారు తిరుగుతోందా?"

"అది తిరుగుతోందమ్మా, నేనే తిరగలేకపోతున్నాను. మోకాళ్ళు."

ఇలా సగం మోటార్ల సంగతీ, సగం మోకాళ్ళ సంగతీ నడిచేది. ఫోన్లు చేసీ చేసీ చెవి అరిగిపోయిందంటూ ఆమె ఆ ప్రోగ్రాము మొదలుపెట్టింది. ఎవరూ అడగలేదు. పంపుహౌసుల పేర్లు వరసగా ఒకచోట రాసి ఉంచితే, ప్రోగ్రాము వాటిని ఒక్కొక్కటే తీసుకుని, ఆఫీసు నుంచే లైను మీద ఆ కంప్యూటర్‌లోకి వెళ్ళి, దాని ఒంట్లో ఎలా ఉందో అడిగి వస్తుంది. మొదట రాసినప్పుడు తెర మీద ప్రతి పేరూ, దాని పక్కన "బాగుంది" అనీ వచ్చేది. బళ్ళో హాజరు పిలిస్తే పిల్లలు పలికినట్టు ఉండేది. ఆమె ఆ వరసంతా చదువుకుంటూ ముసిముసిగా నవ్వుకునేది.

సన్మానానికి ముందురోజు పెద్దసారు వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఇంత చాంతాడు ఎందుకమ్మా? రేపొచ్చే పెద్దవాళ్ళు ఇదంతా చదువుతూ కూర్చుంటారా? ఏదైనా చెడితే దాని పేరు ఎర్రగా రానీ. లేదా, చల్లగా ఒక్క ముక్క. అందరూ క్షేమం అని."

"ఉన్నపళంగా మార్చాలంటే..."

"నీకెంతసేపమ్మా!"

ఆ మాటకి ఆమె పొంగిపోయింది. అప్పటికి ఆయన తన పని గుర్తించాడనే అనుకుంది మరి. మధ్యాహ్నమంతా కూర్చుని, సగానికి పైగా తిరగరాసింది. రాసి మరిదిని పిలిచింది.

"బండేసుకుని ఒక్కో పంపుహౌసుకీ వెళ్ళి, ఒక్కో మిషనూ కాసేపు ఆపు. ఎర్రగా వస్తోందో లేదో ఇక్కడ చూస్తాను."

బయట ఎండ పెటపెటలాడుతోంది. మరిదికి ఒళ్ళు వంగలేదు.

"అన్నం ఉడికిందో లేదో చూడటానికి గిన్నె మొత్తం పిసుకుతామా వదినా? ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదూ? మన ఆఫీసు కిందే ఒక పంపుహౌసు ఉందిగా."

"నీ బద్ధకానికి సామెతలు కూడా తోడా!" అని నవ్వింది. నవ్వి, సరేలెమ్మంది.

అతను మెట్లు దిగి వెళ్ళి ప్లగ్గు పీకాడు. పైన తెర మీద ఆఫీసు పంపుహౌసు పేరు ఎర్రగా వచ్చింది. మళ్ళీ పెట్టాడు. "అందరూ క్షేమం" అని వచ్చింది.

"ఉడికింది మరిదీ!" అని మెట్ల మీద నుంచి కేకేసింది వదిన.

సన్మానంలో పెద్దసారు "మనిషితో పనే లేదు" అన్న మాట ఉత్తినే పోలేదు. రెండు నెలల్లో కాపలావాళ్ళందరినీ తీసేశారు. పంపుహౌసులకి తాళాలు పడ్డాయి. తెర మీద ఎర్రగా వస్తేనే మెకానిక్కు వెళ్ళాలని రూలు పెట్టారు. ఎర్రగా ఎప్పుడైనా వస్తే ఆఫీసు కిందదే వచ్చేది. "మనింటి బిడ్డే రోగిష్టిది, బయటివాళ్ళంతా ఉక్కుముక్కలు," అనుకుని నవ్వుకునేవాళ్ళు. ఎవరికీ అనుమానం రాలేదు. మంచి వార్తని ఎవరు మాత్రం అనుమానిస్తారు?

వదినకి వేరే బాధ. ప్రోగ్రాము మొదటి వరసలో, రాసింది ఫలానా అని పెద్దసారు తన పేరు పెట్టించుకున్నాడు. అది కూడా ఆమె చేతే టైపు చేయించాడు. ఒకసారి తెగించి అడిగింది, తన పేరు కూడా చేర్చమని.

"జట్టుగా చేసిన పనికి ఒక్కరి పేరేమిటమ్మా, బాగుండదు," అన్నాడు షీల్డు కింద కూర్చుని.

ఇంటికొచ్చి చపాతీ పిండిని చావబాదింది. "జీతం పెంచమన్నానా? కుర్చీ ఇమ్మన్నానా? నలుగురిలో ఒక్కసారి ఆ నోటితో, ఇది ఈవిడ రాసింది అనమను. చచ్చేలోగా ఆ ఒక్క మాట వింటే చాలు."

"ఆయన నోట్లోంచి ఆ మాట రావాలంటే దవడలు ఊడదియ్యాలి వదినా," అన్నాడు మరిది.

"ఊడదీస్తాను," అంది. పిండి మీద ఇంకో గుద్దు పడింది.

అలా కొన్నేళ్ళు గడిచాయి. ఒక ఏడు తొలి వాన మధ్యాహ్నం పూట కురిసింది. గంటలో రైలు వంతెన కింది రోడ్డు చెరువైంది. అక్కడి పంపుహౌసులో మోటారు తిరగలేదు. తాళాలు బాగుచేసే అతను, సైకిలు వెనక పనిముట్ల పెట్టె కట్టుకుని ఆ దారినే ఇంటికి పోతున్నాడు. రోజూ పోయే దారి కదా, మోకాలి లోతు అనుకుని దిగాడు. అవతల గట్టున నిలబడ్డవాళ్ళు వద్దని అరిచారు. పెట్టె బరువుకి సైకిలు ఒరిగిందట, అతను సైకిలు వదల్లేదట. జనం తాడు తెచ్చేలోపు అయిపోయింది.

మరిది వెళ్ళేసరికి అతన్ని గట్టు మీద పడుకోబెట్టి ఉన్నారు. మొహం చూసి మరిది గుర్తుపట్టాడు. పంపుహౌసులన్నిటికీ తాళాలు బిగించింది ఆ మనిషే. "మీ మోటార్లు పోయినా నా తాళాలు పోవయ్యా," అని టీ తాగుతూ ఎన్నిసార్లు అన్నాడో.

పంపుహౌసు గట్టు పైన ఉంది. తాళంచెవి పెట్టగానే సాఫీగా తెరుచుకుంది. లోపలికి వెళ్ళి టార్చి వేశాడు. చిన్న కంప్యూటర్ మీద వేలు పెడితే వేలు ముద్ర పడేంత దుమ్ము. వైర్ల సందున బల్లి గుడ్లు. ఒక్క దీపం వెలగడం లేదు. ఇవాళో నిన్నో పోయింది కాదది. వేసవిలో ఎప్పుడో చచ్చి ఉంది.

ఆఫీసుకి ఫోన్ చేశాడు.

"వదినా, తెర మీద ఏముంది?"

"ఏముంటుంది? అందరూ క్షేమం. అదేంటి, అక్కడ నీళ్ళు నిలిచాయటగా? మోటారు కాలిందా?"

"మోటారు కాదు. మిషనే చచ్చింది. ఎప్పుడో చచ్చింది."

"పిచ్చా నీకు? పొద్దున కూడా అడిగింది కదా దాన్ని."

"బల్లి గుడ్లు పెట్టింది వదినా ఇందులో!"

అవతల గొణుగుడు లేదు.

అతను వానలోనే తక్కిన పంపుహౌసులకి బండి తోలాడు. మార్కెట్ వెనకది బాగుంది. ఆసుపత్రి ఎదురుగా ఉన్నది చచ్చి ఉంది. బస్సులషెడ్డు దగ్గరది కూడా. తడిసిన బట్టలతో ఆఫీసుకి వచ్చేసరికి వదిన తెర ముందు బిగుసుకుపోయి కూర్చుని ఉంది.

"ఎవరెవరిని అడుగుతోందో ఆ పేర్లు చూపించమని ఒక వరస చేర్చాను. చూడు," అని మీట నొక్కింది.

ఆఫీసు పంపుహౌసు పేరు వచ్చింది. ఆ కిందే వెంటనే "అందరూ క్షేమం" అని వచ్చింది.

మరిదికి అర్థం కాలేదు. "మిగతావి?"

ఆమె మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే. మూడోసారి కూడా నొక్కింది, అబద్ధం చెప్పిన పిల్లాణ్ణి గుచ్చిగుచ్చి అడిగినట్టు.

"అడగనే లేదు మరిదీ. సన్మానం ముందు తిరగరాశాను చూడు, అందులో పేర్ల వరసని ఒక గొట్టంలోంచి పంపినట్టు పంపాను. మొదటి పేరు, మన ఆఫీసుది, ప్రోగ్రాము తీసుకుంది. ఆ మిషను దగ్గరికి వెళ్ళింది. గొట్టంలో వెనక వస్తున్న పేర్లన్నీ తన కోసమే అనుకుని ఆ మిషను మింగేసింది. వెనక్కి వచ్చి చూస్తే అడగడానికి ఇంకో పేరు లేదు. పేర్లు అయిపోయాయి, ఎవరూ బాగాలేమని చెప్పలేదు, అంటే అందరూ క్షేమమే."

"ఇన్నేళ్ళూ?"

"ఇన్నేళ్ళూ. పూర్వం ఉత్తరాల్లో రాసేవాళ్ళు కాదూ, మేమిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాను అని? ఇది కూడా అంతే. ఇక్కడ చూసింది. అక్కడ తలచింది."

మరిదికి తను ప్లగ్గు పీకిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు వేరే ఏ పంపుహౌసుకి వెళ్ళి ప్లగ్గు పీకినా తెర ఎర్రబడేది కాదు. అప్పుడే దొరికిపోయేది.

"వదినా, ఆ మెతుకు..."

"నోర్ముయ్," అంది. అలా ఎప్పుడూ అనలేదు. "ఆ మాట ఇంకెక్కడా అనకు. నీకు పెళ్ళాం పిల్లలు ఉన్నారు."

విచారణకి పై ఆఫీసు నుంచి ఒక పెద్దావిడని పంపారు. సన్మానం జరిగిన హాల్లోనే బల్లలు వేశారు. తలుపు దగ్గర బెంచీ మీద తాళాలతని భార్య కూర్చుంది. ఎవరేం మాట్లాడినా వాళ్ళ నోటివైపే చూస్తోంది. పెద్దసారు గదిలో గోడ మీద షీల్డు లేదు. మేకు ఉంది, దాని కింద గోడ తెల్లగా ఉంది.

లోపలికి వెళ్ళేముందు మెట్ల దగ్గర మరిది వదిన దారికి అడ్డం నిలబడ్డాడు.

"ప్రోగ్రాము పైన ఎవరి పేరుంది? ఆయనది. షీల్డు ఎవరికిచ్చారు? ఆయనకి. నువ్వు టైపిస్టువి. నువ్వేం అనక్కర్లేదు వదినా, ఊరికే కూర్చో చాలు. తిన్నవాడే కక్కుతాడు."

"కక్కుతాడా?"

"చచ్చినట్టు. దేవుడున్నాడనిపిస్తోంది నాకు మొదటిసారి."

ఆమె అతన్ని తప్పించుకుని లోపలికి వెళ్ళింది.

పెద్దావిడ కాగితాలు తిరగేసి అడిగింది. "ఈ ప్రోగ్రాము రాసింది మీరేనా?"

పెద్దసారు లేచాడు. గొంతు సవరించుకున్నాడు. తర్వాత, మరిది కలలో కూడా అనుకోనిది జరిగింది. ఆయన వెనక్కి తిరిగి, వదినని చేత్తో చూపించి, ఇంటిపేరుతో సహా ఆమె పూర్తి పేరు పలికాడు.

"రాసింది ఆవిడ. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఆవిడదే. నిజం చెప్పొద్దూ, నాకు ఆ భాష రాదు. ఒక్క ముక్క కూడా రాదు."

ఎన్నేళ్ళు ఆ మాట కోసం పిండి బాదిందో! వచ్చింది. నలుగురిలో వచ్చింది. ఆ నోటితోనే వచ్చింది. ఇంత సిగ్గులేనితనం మనిషికి సాధ్యమని మరిది ఎక్కడా చదవలేదు, వినలేదు.

"మరి పైన మీ పేరుందే?" అంది పెద్దావిడ.

"అది... లాంఛనమండీ."

"షీల్డు కూడా లాంఛనమేనా?"

ఎవరో నవ్వబోయి, తలుపు దగ్గరి బెంచీ వైపు చూసి ఆపుకున్నారు. పెద్దావిడ కళ్ళజోడు తీసి వదిన వైపు తిరిగింది.

"చూడమ్మా, మీరు రాసినట్టు ఇందులో ఎక్కడా లేదు. ఆయన నోటిమాట తప్ప రుజువు లేదు. మీరు కాదంటే, కాదన్నారనే రాసుకుంటాను. ఆలోచించుకుని చెప్పండి."

తలుపు బార్లా తెరిచి పెట్టినట్టే. మరిది మనసులో మొత్తుకున్నాడు. కాదను, కాదను, ఒక్క ముక్క.

వదిన లేచి నిలబడింది.

"నేనే రాశానండీ."

అని బోర్డు దగ్గరికి వెళ్ళి, సుద్దముక్క తీసుకుని, పేర్లు ఎలా వెళ్ళేవో, మొదటిది ఎలా మింగిందో గీసి చూపించింది. గొణగలేదు. గొంతు హాలు చివరిదాకా వినపడింది. పెద్దసారు పాఠం వింటున్నవాడిలా తల ఊపుతున్నాడు. చాంతాడు వద్దని ఆయన అన్న మాట ఆమె చెప్పలేదు.

"పరీక్షించేటప్పుడు ఒక్కదాన్నే ఎందుకు చూశారు?"

మరిది కుర్చీలోంచి సగం లేచాడు. వదిన అతని వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకి లేచిన సగం మళ్ళీ కూలబడింది. తర్వాత తనని తాను ఎన్ని తిట్లు తిట్టుకున్నా, ఆ రోజు మాత్రం కూలబడ్డాడు.

"తొందరపడ్డానండీ," అంది వదిన.

ఆమె ఉద్యోగం పోయింది. పెద్దసారుని మందలించి వేరే ఊరి ఆఫీసుకి మార్చారు, ఆ ఆఫీసు ఇంకా పెద్దది. ఈ లోకంలో కొందరు కింద పడినా పై మెట్టు మీదే పడతారు. ఇంట్లో అన్న చాలాకాలం ఆమెతో మాట్లాడలేదు. మాట్లాడినప్పుడు, "ధర్మరాజుకి చెల్లెలివా నువ్వు? కాదంటే నోటి ముత్యాలు రాలేవా?" అన్నాడు. తర్వాత ఇద్దరూ ఊరు మారిపోయారు.

మరిది వాళ్ళని చూడటానికి వెళ్ళేసరికి ఏడాది దాటింది. వదిన ఒక సందులో జిరాక్సు దుకాణంలో పనిచేస్తోంది. కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుని, ఎవరివో సర్టిఫికెట్లు ఒక్కొక్కటే గాజు మీద బోర్లించి, మూత వేసి, వెలుగు దాటగానే తీస్తోంది. జుట్టు నెరిసింది. అతన్ని చూసి, "చిక్కిపోయావేంటి నాయనా, మా తోటికోడలు తిండి పెట్టడం లేదా?" అంది. పక్క కొట్టు నుంచి రెండు టీలు తెప్పించింది.

అతను ఏడాదిగా మోసుకొచ్చిన మాట అక్కడ దించుకున్నాడు.

"నువ్వు పుణ్యాత్మురాలివి వదినా. ఆ తాళాలతని పెళ్ళాం మొహం చూసి అబద్ధం ఆడలేకపోయావు. నన్ను కూడా కాపాడావు. నేనైతే కాదనేవాణ్ణి. నీ ధర్మం నీకు..."

ఆమె గ్లాసు కింద పెట్టి అతని మొహంలోకి వింతగా చూసింది.

"ధర్మమా? ఎవరు చెప్పారు నీకు? ఆ మనిషి నా వల్ల పోయాడు మరిదీ, వాన మొదలైతే నాకు కూడు సహించదు. అది వేరు. కానీ ఆ విచారణావిడ కాదంటే చాలు అన్నప్పుడు నాకు ఆ తాళాలతని పెళ్ళాం మొహం గుర్తురాలేదు, నువ్వూ గుర్తురాలేదు. కాదంటే ఆ ప్రోగ్రాము జన్మంతా ఆ షీల్డు వాడిదే అయిపోతుంది కదా అనిపించింది, అంతే. తప్పో ఒప్పో, నేను రాసింది. వాడికెందుకిస్తాను?"